చూడ్డానికే వచ్చాం!

"వచ్చిన పనేవిటి, నువ్వు చేస్తున్న పనేవిటి?" అన్నారు మావారు.

మొన్న వేసవిలో సికింద్రాబాదు నుంచి పగటి రైల్లో రాజమండ్రి, మా అక్కయ్య వాళ్ళింటికి వెళుతున్నాం. ఎదుటి సీట్లో ఓ పెద్దావిడ బుట్ట ఒళ్ళో పెట్టుకుని కునికిపాట్లు పడుతోంది. నేను నోటుబుక్కు తీసి, ఆవిడ తల వాలిన తీరు పెన్సిలుతో గీస్తున్నాను. మెలకువ వచ్చాక ఆవిడకి చూపిస్తే, "ముక్కుపుడక మర్చిపోయావమ్మా" అని దిద్దించింది కూడా!

"ఫోనుందిగా! ఓ ఫోటో కొడితే క్షణంలో అయిపోను" అని మావారి సలహా.

క్షణంలో అయిపోతుంది, నిజమే. నా అభ్యంతరమూ అదే. ఆ ఒక్క ప్రయాణంలో ఆయన 150 ఫోటోలు తీశారు. ఏలూరులో మాకు టీ పోసిన కుర్రాడు ఏ చేత్తో పోశాడో చెప్పమనండి చూద్దాం! నేను చెప్పగలను, ఎడం చేత్తో. గియ్యాలంటే చూడాలి మరి.

"ఈ వయసులో బొమ్మలేవిటి, నలుగురూ నవ్వరూ?" అనేవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. 21 చుక్కల ముగ్గు వంకర లేకుండా వేసే చేతులు మనవి. వాకిట్లో పిండితో గీస్తే లక్షణమూ, రైల్లో పెన్సిలుతో గీస్తే చోద్యమూనా? ముగ్గయితే మధ్యాహ్నానికల్లా చెరిగిపోతుంది. మిగిలేది గీస్తేనే వచ్చింది తంటా.

అంతదాకా ఎందుకు, నేను వెళ్ళిన రాజమండ్రి సంగతే చూడండి. 30 ఏళ్ళైనా నిండకుండా 1925లో కన్నుమూసిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరిట అక్కడ ఆర్టు గ్యాలరీ ఉంది. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారని మనలో ఎంతమందికి తెలుసు?

అసలు ఊరెళ్ళడమంటే మనకి ఏవిటండీ? సొంత వంటింటి నుంచి ఇంకొకరి వంటింటికి బదిలీ! నాలుగు రోజులుండి తిరిగొస్తాం. తోడబుట్టినదాని మొహం తీరిగ్గా చూసిన పాపాన పోం.

ఈసారి అక్కయ్య చింతపండులో గింజలు తీస్తుంటే ఎదురుగా పీట వాల్చుకు కూచున్నాను. "నా మొహం, నా బొమ్మేవిటే!" అని సిగ్గుపడింది. పావుగంట గీశాను. ముక్కు కుదరలేదు గానీ వేళ్ళు కుదిరాయి. చూపుడువేలి మీద పాత కత్తిపీట గాటు. ఇన్నేళ్ళూ నా కంట పడనే లేదు.

అక్కయ్య ఆ కాగితం వంక చాలాసేపు చూసింది.

"పెళ్ళయ్యాక నన్నింతసేపు ఎవరూ చూళ్ళేదే" అంది. నవ్వుతూనే అంది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

అందుకే చెబుతున్నాను. ఈసారి ఊరెళ్ళేటప్పుడు సంచిలో పచ్చడి సీసాల పక్కన ఓ నోటుబుక్కు పడెయ్యండి. బొమ్మ కుదరకపోతే పోనివ్వండి. వంట ఓ పావుగంట ఆలస్యమైతే కొంపలేం మునగవు. "వచ్చిన పనేవిటి?" అని ఎవరైనా అడిగితే, తల ఎత్తకుండానే చెప్పండి:

"మనుషుల్ని చూడ్డానికే వచ్చాం. చూస్తున్నాం!"