మర్కట కిశోరం

భగవంతునికీ జీవునికీ గల సంబంధాన్ని వివరించటానికి మన వేదాంతులు రెండు పసిప్రాణులను ఉదాహరణగా తీసుకున్నారు. ఒకటి పిల్లికూన, రెండవది కోతిపిల్ల. తల్లిపిల్లి తన కూనను నోట కరచుకొని తానే చోటు మారుస్తుంది. కూన చేయవలసిన ప్రయత్నమేమీ లేదు. ఇది మార్జాల కిశోర న్యాయం. కోతిపిల్ల సంగతి వేరు. తల్లి కొమ్మనుండి కొమ్మకు దూకుతున్నంతసేపూ ఆ పిల్లే తల్లి పొట్టను గట్టిగా కరచిపట్టుకొని ఉంటుంది. ఇది మర్కట కిశోర న్యాయం. శ్రీవైష్ణవ సంప్రదాయంలో తెంగలై వారు మొదటిదానినీ, వడగలై వారు రెండవదానినీ ఆదరించారు. వీటిలో ఏది గొప్పదన్న చర్చ ఇక్కడ అప్రస్తుతం. పట్టు విడిస్తే బ్రతుకు లేదన్న సత్యాన్ని చెప్పటానికి మన పెద్దలు ఇన్ని ప్రాణులలో కోతిపిల్లనే ఎన్నుకున్నారన్నది గమనించదగిన విషయం.

ఆ పట్టును విడదీయటమే వృత్తిగా గల వ్యాపారం ఒకటి నేడు దేశదేశాలలో సాగుతున్నది. దక్షిణ అమెరికా అడవులలో పుట్టిన మార్మోసెట్లు, కాపుచిన్లు మొదలుకొని మన దేశపు కోతుల వరకు దానికి సరుకే. ఎదిగిన కోతిని కొనేవారు అరుదు. కొనేవారు కోరేది అరచేతిలో ఇమిడే పసికూనను. అడవిలో తల్లి ప్రాణాలతో ఉండగా దాని పొట్టనుండి పిల్లను లాగటం తేలిక కాదు కనుక వేటగాళ్లు తరచు తల్లిని చంపి పిల్లను పట్టుకుంటారు. పెంపక కేంద్రాలలో పుట్టిన పిల్లలకైనా ఇంతకన్న మేలైన గతి లేదు. వయసు రాకముందే వాటిని తల్లినుండి వేరుచేసి అమ్ముతారు. మనిషికి మాలిమి కావాలంటే తల్లిని మరచిపోవాలన్నది ఈ వ్యాపారపు మొదటి సూత్రం.

తల్లిని మరచిపోవటం ఆ పిల్లకు సాధ్యమా? 1950వ దశకంలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త రీసస్ జాతి కోతిపిల్లలపై ప్రయోగాలు చేశాడు. పుట్టిన వెంటనే తల్లినుండి వేరుచేసిన పిల్లల ముందు రెండు బొమ్మలను ఉంచాడు. ఒకటి ఇనుప తీగతో అల్లినది, దానికి పాలసీసా అమర్చి ఉంది. రెండవది మెత్తని గుడ్డ చుట్టినది, దానివద్ద పాలు లేవు. పిల్లలు ఆకలి తీరేంతవరకు తీగబొమ్మ వద్ద ఉండి, మిగిలిన సమయమంతా గుడ్డబొమ్మను కౌగిలించుకొని గడిపాయి. పూర్తిగా ఒంటరిగా పెంచిన పిల్లలు పెద్దవైన తరువాత తోటి కోతులతో కలిసి బ్రతకలేకపోయాయి. వాటిలో తల్లులైనవి అనేకం తమ పిల్లలను దగ్గరకు తీయలేదు, కొన్ని హింసించాయి కూడా. ఈ ప్రయోగాలు క్రూరమైనవన్న విమర్శ తరువాతి కాలంలో బలంగా వచ్చింది, అది న్యాయమైన విమర్శే. అయితే వేదాంతులు దృష్టాంతంగా చెప్పిన మాటకు ప్రయోగశాల కూడా సాక్ష్యం చెప్పింది. ఆహారం పెట్టినంత మాత్రాన కోతిపిల్లను పెంచినట్లు కాదు.

ఈ వ్యాపారంతో మన దేశానికి పాత సంబంధమే ఉంది. 1950వ దశకంలో పోలియో టీకా తయారీకై ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు మన దేశంనుండి విదేశాలకు ఎగుమతి అయ్యాయి. 1978లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఆ నిషేధానికై కృషి చేసినవారిలో షర్లీ మెక్‌గ్రీల్ ఒకరు. 1971లో బ్యాంకాక్ విమానాశ్రయంలో పెట్టెలలో కుక్కి ఎగుమతికి సిద్ధంగా ఉంచిన కోతిపిల్లలను ఆమె చూసింది. 1973లో వానర జాతుల రక్షణకు అంతర్జాతీయ సంస్థను స్థాపించి, అమెరికాలో శరణాలయాన్ని నెలకొల్పి, 2021లో మరణించేంతవరకు ఆ పనిలోనే జీవించింది.

అర్ధశతాబ్ది గడిచినా ఆ దారి మూతపడలేదు. 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుండి బెంగళూరుకు వచ్చిన విమానంలో విడిచివెళ్లిన పెట్టెలను కస్టమ్స్ అధికారులు తెరిచి చూడగా 78 జంతువులు బయటపడ్డాయి. వాటిలో 72 పాములు, 6 కాపుచిన్ కోతులు. పాములు బ్రతికే ఉన్నాయి. కోతులు ఆరూ చనిపోయి ఉన్నాయి. చల్లని నెత్తురు గల ప్రాణి ఎట్లాగో ఓర్చుకొన్న ప్రయాణాన్ని మనవలె వెచ్చని నెత్తురు గల ప్రాణి ఓర్చుకొనలేకపోయింది. ఆ ఆరింటికోసం ఎక్కడో ఎవరో బయానా ఇచ్చి ఎదురుచూస్తూ ఉండి ఉంటారు. కొనేవాడు లేనిదే కొల్లగొట్టేవాడు ఉండడు.

కొనే కోరిక ఎక్కడ పుడుతున్నది? మన చేతిలోని ఫోనులోనే పుడుతున్నది. కళాశాలలకూ శిక్షణ కేంద్రాలకూ నెలవైన దిల్‌సుఖ్‌నగర్‌లో, ఎల్.బి.నగర్‌లో, చైతన్యపురి వసతి గృహాలలో చదువుకొంటున్న యువతీయువకులు రాత్రి పుస్తకం మూసి ఫోను తెరిస్తే, గౌను తొడిగిన కోతిపిల్ల సీసాతో పాలు తాగుతూ కనిపిస్తుంది. చూసి నవ్వుకుంటారు, పదిమందికి పంపుతారు. ఆ గౌను వెనుక ఉన్న తల్లి మరణం ఆ దృశ్యంలో కనిపించదు. పెదవులు సాగదీసి పళ్లు బయటపెట్టటం కోతిభాషలో తరచు భయానికి గుర్తు. మనం దానిని నవ్వు అనుకుంటాం. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెతకు ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. 'దిల్‌సుఖ్' అంటే మనస్సుకు సుఖమని అర్థం. ఎవరి మనస్సు సుఖానికి ఎవరు దుఃఖపడుతున్నారో ఆలోచించటం ఆ పేరుగల ప్రాంతంలో చదువుకొనేవారికి తగిన పని.

దీనికి కొందరు చెప్పే సమాధానాలు లేకపోలేదు. కుక్కనూ పిల్లినీ పెంచగా లేనిది కోతిని పెంచితే తప్పేమిటని ఒక ప్రశ్న. కుక్క వేల సంవత్సరాలుగా తరతరాలు మనిషి నీడలో మారుతూ వచ్చిన జంతువు. కోతి విషయంలో అటువంటి చరిత్ర లేదు. ఇంటిలో పుట్టినా అది అడవి జంతువే. మూడు నాలుగేళ్లు దాటి యుక్తవయస్సు వచ్చేసరికి రీసస్ మగకోతి తన స్థానంకోసం పోట్లాడుతుంది, కరుస్తుంది. ముద్దులొలికించిన చేతినే గాయపరుస్తుంది. అప్పుడు యజమాని కోరపళ్లు పీకిస్తాడు, లేదా గొలుసు వేస్తాడు, లేదా ఊరి చివర విడిచివస్తాడు. పైగా మన కోతుల జాతికి సహజంగా ఉండే హెర్పిస్ బి వంటి వైరస్ మనిషికి సోకటం అరుదే అయినా, సోకితే ప్రాణాంతకం. క్షయవ్యాధి మనిషినుండి కోతికీ, కోతినుండి మనిషికీ సంక్రమించగలదు.

చట్టం అనుమతిస్తున్నది గదా అన్నది రెండవ సమాధానం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రధానంగా మన దేశపు ప్రాణులను దృష్టిలో ఉంచుకొన్నది. విదేశీ ప్రాణి ఒకసారి సరిహద్దు దాటి ఇంటిలోకి చేరితే అడిగేవారు ఉండేవారు కారు. అటువంటి ప్రాణులు తమవద్ద ఉంటే స్వచ్ఛందంగా తెలుపవలసిందని కేంద్ర ప్రభుత్వం 2020లో గడువు ఇచ్చింది. 2022లో చట్టాన్ని సవరించి, 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి తెచ్చింది. 2024లో నమోదుకు నిబంధనలు వెలువడ్డాయి. ఇది మంచి అడుగే. అయితే నమోదు పత్రం వల్ల తెలిసేది ఆ జంతువు ఎవరి అధీనంలో ఉన్నదన్న సంగతి మాత్రమే. అది ఏ స్థితిలో ఉన్నదో పత్రం చెప్పలేదు. ధర్మం తన పనిని చట్టానికి అప్పగించి నిద్రపోరాదు.

మూడవ సమాధానం పల్లెలనుండి వస్తుంది, దానిని తేలికగా కొట్టివేయరాదు. తెలంగాణ పల్లెలలో కోతుల బెడద వల్ల మక్కజొన్న, పల్లి, కూరగాయల పంటలు దక్కక రైతులు విసిగిపోయారు. కోతులు వాపసు అడవికి పోవాలన్న ఆశ 2015లో మొదలైన హరితహారం కార్యక్రమంలో ఒక భాగమైంది. 2020 డిసెంబరులో నిర్మల్ జిల్లా చించోలి సమీపంలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ప్రారంభమైంది. పట్టి తెచ్చిన కోతులకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేయటం దాని ముఖ్యోద్దేశం. 'ఉన్న కోతులతోనే చస్తుంటే కోతులకు శరణాలయమా?' అని రైతు అడిగితే ఆ ప్రశ్నలో బాధ ఉంది. కానీ రెండు సమస్యలకూ మూలం ఒక్కటే. అడవిలో ఉండవలసిన ప్రాణిని అక్కడ ఉండనీయకపోవటమే ఆ మూలం. పండ్లచెట్ల అడవులు నరికి కోతిని పొలానికి రప్పించాం. రహదారి పక్కన కారు ఆపి అరటిపండ్లు వేసి, పుణ్యమనుకొని దానికి యాచన నేర్పాం. ఇంటికి తెచ్చుకొని గొలుసు వేశాం. మిద్దెమీది కోతిని కర్రతో తరిమే ఇంటిలోనే ఫోనులోని కోతిని చూసి మురిసిపోవటం మన కాలపు వింత.

ఇక రక్షణ అంటే ఏమిటో ఆలోచిద్దాం. దాడిచేసి, బోను తెరిచి, ఛాయాచిత్రం తీయించుకొనటంతో రక్షణ పూర్తికాదు. బ్రెజిల్ అడవికి చెందిన మార్మోసెట్‌ను నల్లమలలో విడువలేము. మనుషుల నడుమ పెరిగిన మన కోతినైనా అడవిలో వదిలితే, ఏ కాయ తినదగినదో, ఏ కూత అపాయాన్ని తెలుపుతుందో దానికి తెలియదు. కోతులు గుంపులుగా జీవిస్తాయి. ఏ గుంపూ కొత్తదానిని సులభంగా చేర్చుకొనదు. కావున వాటికి జీవితాంతం నిలిచే శరణాలయం అవసరం. అక్కడ సొంత జాతి తోడు ఉండాలి. ఎక్కటానికి చెట్లు ఉండాలి. వాటిని ఆడించరాదు, అమ్మరాదు, అమ్మకానికై పిల్లలను పుట్టించరాదు. కాపుచిన్ మనిషి సంరక్షణలో నలభై సంవత్సరాలకు పైగా జీవించగలదు. ఈనాడు రక్షించిన ఒక కాపుచిన్ పిల్లకు, ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్న విద్యార్థి యాభై దాటేంతవరకు తిండి, వైద్యం, చోటు సమకూర్చవలసి ఉంటుంది. శిబి చక్రవర్తి కథ మనకు నేర్పేది ఇదే. శరణన్న పావురాన్ని ఒడిలో చేర్చుకొనటం క్షణం పని. దాని బరువుకు సరితూగేంత మాంసాన్ని తన దేహంనుండి కోసి తక్కెడలో వేయటమే అభయానికి అసలు వెల.

ఆ వెల చెల్లించిన అనుభవం మనకు లేకపోలేదు. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుతపులి, సింహాలను ప్రదర్శనలలో ఆడించరాదని 1998లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించగా 2001లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆ తరువాత సర్కసులనుండి విముక్తి పొందిన సింహాలకూ పులులకూ విశాఖపట్నం, తిరుపతి జంతు ప్రదర్శనశాలల రక్షణ కేంద్రాలు చోటిచ్చాయి. ఎలుగుబంట్లను ఆడించి జీవించిన కలందరు కుటుంబాలకు వేరే జీవనోపాధి చూపి, వారి పిల్లలను బడిలో చేర్పించిన పిదప, 2009 నాటికి ఆ ఆట దాదాపు అంతరించింది. గొలుసుకు ఒక కొసన జంతువు ఉంటే రెండవ కొసన పేదవాడు ఉన్నాడని ఆ పనిచేసినవారు గుర్తించారు. వీధులలో కోతిని ఆడించేవారి విషయంలోనూ అదే మార్గం. కోతిని లాక్కొని మనిషిని వీధిలో విడిచిపెడితే అతడు రేపు మరొక పిల్లను పట్టుకొస్తాడు.

ఇంకొక ఉదాహరణ మన ముంగిటనే ఉంది. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రహదారిలో వనస్థలిపురం వద్ద మహావీర్ హరిణ వనస్థలి కనిపిస్తుంది. 3,500 ఎకరాలకు పైబడిన ఆ అడవి ఒకప్పుడు నిజాం ప్రభువుల వేటస్థలం. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో దానికి ఆ పేరు వచ్చింది. 1994లో జాతీయ ఉద్యానమైంది. తుపాకి మోగిన చోట ఇప్పుడు కృష్ణజింకలు మేస్తున్నాయి. చుట్టూ నగరం పెరిగినా, భూమి ధర ఆకాశానికి అంటినా, ఆ నేలను వాటికి విడిచిపెట్టగలిగాం. జింకకు చేయగలిగిన న్యాయాన్ని గొలుసులనుండి విడిపించిన కోతికి మరొక తగిన చోట చేయలేమా? వానర జాతులకే ప్రత్యేకించిన శరణాలయం ఒకటి తెలుగు నేలమీద ఏర్పడాలని ప్రభుత్వాన్ని కోరటం అత్యాశ కాదు.

అంతవరకు విద్యార్థులు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. అడవి ప్రాణిని కొనవద్దు, కొన్నవారిని మెచ్చుకొనవద్దు. గౌను తొడిగిన కోతిపిల్ల దృశ్యాన్ని మరొకరికి పంపవద్దు, ఎందుకంటే చూసేవారి సంఖ్యే ఆ వ్యాపారానికి పెట్టుబడి. మీ వీధిలో గొలుసుతో కట్టిన కోతి కనిపిస్తే అటవీశాఖవారికి తెలియజేయండి. మీరే విడిపించబోయి గాయపడవద్దు. రహదారిలో కోతులకు పండ్లు వేయవద్దు. ఇవేవీ పెద్ద త్యాగాలు కావు. కానీ కొనేవారు తగ్గిన ప్రతిచోటా అడవిలో ఒక తల్లి బ్రతుకుతుంది, దాని పొట్టను పట్టుకొన్న పిల్ల కూడా బ్రతుకుతుంది.