కేబుల్ మాకు, కమాండ్ మీకా?

కాస్త పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మొన్న ల్యాబ్‌లో మేం డైనమిక్ రౌటింగ్ ఎప్పుడు చేయిస్తారని అడిగినాం. "అది మీకెందుకప్పా, క్రింపింగ్ నేర్చుకోండి, యాడన్నా కేబుల్ పని దొరుకుతాది" అన్నారు. మంచికే అన్నారేమో, మాకు మాత్రం కాలింది. కేబుల్ పని తక్కువని కాదు, మా ఇండ్లలో అందరూ రెక్కల కష్టంతోనే బతికినారు. కానీ స్తంభం ఎక్కేది మనం, ప్యాకెట్ ఎటు పోవాలో చెప్పేది వేరేవాళ్లు అని ముందే రాసిపెడితే ఒప్పుకోం.

అందులో అంత బ్రహ్మవిద్య ఏముంది? నంద్యాల నుంచి ఆళ్లగడ్డ బస్సు శిరివెళ్ల మీదుగా పోతుంది. "ఎప్పుడూ ఇట్లనే పో" అని డ్రైవర్‌కు కాగితం రాసిస్తే అది స్టాటిక్ రూట్. ముందు యాడో వంక పొంగి రోడ్డు తెగినా కాగితం మారదు, బస్సు పోయి నీళ్ల ముందు నిలబడుతుంది. ఓఎస్‌పీఎఫ్ అట్ల కాదు. పక్కపక్క స్విచ్‌లు మామూలుగా 10 సెకన్లకోసారి హలో చెప్పుకుంటాయి. 40 సెకన్లు ఉలుకూ పలుకూ లేకపోతే ఆ పొరుగు లేనట్టే లెక్క. కబురు అన్నిటికీ పోతుంది, ఎవరి లెక్క వాళ్లు మళ్లీ వేసుకుంటారు, బస్సు కోవెలకుంట్ల మీదుగా తిరుగుతుంది.

హాస్టల్‌లో ఒక పాత ల్యాప్‌టాప్ మీద ప్యాకెట్ ట్రేసర్‌లో మేమే చేసి చూసినాం. మూడు 3560 స్విచ్‌లు, త్రిభుజంగా. 'ఐపీ రౌటింగ్' కొట్టకపోతే అది ఉత్త స్విచ్చే. పోర్టుకు 'నో స్విచ్‌పోర్ట్' ఇస్తేనే ఐపీ అడ్రస్ తీసుకుంటుంది. ఒక సాయంత్రమంతా నైబర్ రాలేదు. చూస్తే ఒకవైపు ఏరియా 0, ఇంకోవైపు ఏరియా 1 కొట్టినాం! సరిచేసి, ఒక లింకు తెంపినాం. పింగ్ కాసేపు ఆగి మళ్లీ వచ్చింది. మా అరుపులకు వార్డెన్ సార్ లేచి వచ్చినారు.

"మన గూడేలకు ఇదంతా దేనికి" అని మనవాళ్లే కొందరు అంటాండారు. దానికే చెప్తున్నాం. ఎగువ అహోబిలానికి ఒకటే రోడ్డు. దారి ఒకటే ఉన్నచోట ఏ ప్రోటోకాల్ రెండో దారి పుట్టించలేదు. పంచాయతీలకు ఫైబర్ వేసే పథకాన్ని కేంద్రం 2011లో ఆమోదించింది, అదే తర్వాత భారత్‌నెట్ అయింది. మొదట తీగ వరసగా వేసుకుంటూ పోయినారు, మధ్యలో తెగితే అవతల అంతా చీకటి. 2023 ఆగస్టులో పథకాన్ని సవరించి, రింగ్‌గా వేస్తామన్నారు, అంటే ప్రతి పంచాయతీకీ రెండు వైపుల నుంచీ దారి. మంచిదే. కానీ ఆ రింగ్ పంచాయతీ దాకానే. పంచాయతీ కాని ఊళ్లకు "అడిగితే" ఇస్తారంట.

మన గూడేలు, తాండాలు ఎన్ని పంచాయతీలు? మరి అడిగేదెవరు? అడిగినా, ఒక తీగ లాగి 'ఇచ్చేసినాం' అంటే, "ఇది రింగా, తోకా? రెండో లింకు యాడ? తెగితే ట్రాఫిక్ ఎటు తిరుగుతాది?" అని నిలదీయాలంటే ఆ విద్య మన చేతిలో ఉండాల. క్రింపింగ్ ఒక్కటే నేర్చుకుంటే ఆ ప్రశ్న నోటికే రాదు.

ఆదివారం పొద్దున నంద్యాల హాస్టల్‌లో కూర్చుంటున్నాం. ఆళ్లగడ్డ తమ్ముళ్లు ఫస్ట్ బస్సుకు రండి. ల్యాప్‌టాప్ ఉంటే తెండి, లేకపోతే నోటు పుస్తకం చాలు. మధ్యాహ్నం అర్జీ కూడా రాద్దాం, మీ గూడెం పేరు, ఏ పంచాయతీ కిందకు వస్తుందో రాసుకొని రండి.