పదిమంది లేని బడి

ఒక రేకుల గది, ఎనిమిది మంది పిల్లలు, ఒక పంతులు. రాయపూర్‌లో కంప్యూటర్ ముందు కూర్చుని చూస్తే ఇది దండగ ఖర్చు. అక్కడి అధికారులకే కాదు, హైదరాబాదులోనో విజయవాడలోనో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ గురించి మాట్లాడుకునే మనవాళ్లకూ అలాగే అనిపిస్తుంది. మంచి మనసున్నవాళ్లు కూడా ఒకటే మాట చెబుతారు: అడవిలో గూడేనికో బడి పెడితే పంతుళ్లు వెళ్లరు, వెళ్లారో లేదో చూసే నాథుడుండడు; పిల్లలందర్నీ రోడ్డు పక్కకు తెచ్చి పెద్ద హాస్టల్లో పెడితే వేళకు అన్నం, చదువు, సర్కారు సొమ్ముకు లెక్కాజమా అన్నీ కుదురుతాయి. వినడానికి సబబుగానే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా బస్తర్‌లో జరిగింది తెలిస్తే మాత్రం ఈ వాదనలో నిలబడే ముక్కలు తక్కువ.

2025 వేసవిలో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘యుక్తియుక్తకరణ్’ పేరుతో 10,463 బడులను సర్దింది. మన దగ్గర దీన్నే రేషనలైజేషన్ అంటాం. ఇందులో 10,297 ఒకే ఆవరణలో ఉన్నవాటిని కలపడమేననీ, నిజంగా చోటు మారేవి 166 మాత్రమేననీ ప్రభుత్వం వివరణ ఇచ్చింది. పల్లెల్లో పదిమందికన్నా తక్కువ పిల్లలుండి, కిలోమీటరులోపు మరో బడి ఉన్నవి 133. పట్టణాల్లో ముప్పైమంది లోపు పిల్లలుండి, అర కిలోమీటరులోపు మరో బడి ఉన్నవి 33. టీచరే లేని ప్రాథమిక బడులు 212, ఒక్క టీచరుతో నడిచేవి 6,872, టీచర్లుండి ఒక్క పిల్లా లేని బడులు 362 అని కూడా ప్రభుత్వమే బయటపెట్టింది. పిల్లల్లేని చోట జీతం తీసుకుంటున్న పంతులును పిల్లలున్న చోటికి పంపితే కాదనేదెవరు? నా పేచీ ఆ ‘పదిమంది’ గీటురాయితో. ఇవాళ 166 బడులే కావచ్చు. ఆ గీటురాయి సరైనదేనని ఒప్పుకున్నాక రేపు దాన్ని ఇరవైకి జరపడానికి ఒక్క సంతకం చాలు.

అసలు బడి పదిమందికి ఎలా పడిపోతుందో చూడండి. బస్తర్ ఊరు మన కోస్తా ఊరిలా ఒకచోట కుదురుగా ఉండదు. ఒకే ఊరి పేరు కింద నాలుగైదు పారాలు (గూడేలు), వాటి మధ్య పొలాలు, వాగు, చిట్టడవి. మ్యాపులో కిలోమీటరు లోపే కనిపించే బడికి జులైలో వాగు పొంగితే ఆరేళ్ల పిల్ల వెళ్లలేదు. ఇక పంతులు సంగతి. పోస్టింగ్ ఊళ్లో, పని బ్లాకు ఆఫీసులో. దీన్ని అటాచ్‌మెంట్ అంటారు. రద్దు చేశామని ప్రభుత్వం మళ్లీ మళ్లీ ఉత్తర్వులిస్తూనే ఉంటుంది, అంటే రద్దు కావడం లేదన్నమాట. మిగిలిన ఒక్కడూ ఓటర్ల జాబితా పనికో, సంకుల్ (క్లస్టర్) మీటింగుకో, మధ్యాహ్న భోజనం బియ్యం కోసమో వెళ్లిన రోజు బడికి తాళం. ఆ తాళం చూసి చూసి విసిగిన తండ్రి పిల్లాణ్ణి తీసుకెళ్లి ఆశ్రమ పాఠశాల హాస్టల్లో దింపి వస్తాడు. ఏటా సెప్టెంబరు 30 నాటి లెక్క యూడైస్ అనే బడుల డేటాబేసులోకి ఎక్కుతుంది. నిరుడు ఇరవై రెండు, ఈ ఏడు పద్నాలుగు, పైయేడు ఎనిమిది అనుకోండి. అప్పుడొస్తుంది ఉత్తర్వు, పిల్లలు లేరు గనుక బడి ఎత్తేస్తున్నామని. ప్రాథమిక బడిలో అరవైమంది వరకు పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. దాని ప్రకారం ఆ 6,872 బడుల్లోనూ చట్టాన్ని ముందు మీరింది సర్కారే. తను తప్పిన చోట పడిన పర్యవసానాన్ని తిరిగి ఊరి మీదికే నేరంగా మోపుతోంది.

ఈ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో ఉన్నప్పుడు సంగతి వేరుగా ఉండేది. 1997 జనవరి నుంచి అక్కడ ‘శిక్షా గ్యారంటీ’ పథకం నడిచింది. ఆదివాసీ గూడెంలో ఇరవై ఐదుమంది పిల్లలుండి, కిలోమీటరులోపు బడి లేకపోతే ఊరివాళ్లు అర్జీ పెట్టుకోవచ్చు. తొంభై రోజుల్లో సర్కారు గురూజీని ఇవ్వాలి. గురూజీ చాలావరకు ఆ చుట్టుపక్కల మనిషే. జీతం మరీ హీనం, శిక్షణ అంతంతమాత్రం, అదంతా నిజమే. తక్కువ జీతానికి పంతులును పెట్టుకునే దురలవాటు ప్రభుత్వానికి అంటుకోవడంలో ఆ పథకానికీ, శిక్షాకర్మి (కాంట్రాక్టు టీచర్ల) నియామకాలకూ పాలుంది. కానీ ఒక్క విషయంలో అది తలకిందులుగా ఉన్న వరసను సరిచేసింది: బడి కావాలో వద్దో చెప్పింది ఊరు, గడువులోగా తేవలసింది సర్కారు.

2005 జూన్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సర్కారు అండతో సల్వాజుడుం మొదలయ్యాక ఆ వరస చెరిగిపోయింది. ఊళ్లను ఖాళీ చేయించి జనాన్ని దోర్నపాల్, కొంటా లాంటి రోడ్డు పక్క శిబిరాలకు తరలించారు. వేలాదిమంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చేశారు; మనం గొత్తికోయలని పిలిచేది వాళ్లనే. బలగాలు బడి భవనాల్లో మకాం వేశాయి. మళ్లీ మకాం వేస్తారని మావోయిస్టులు ఆ భవనాలను పేల్చేశారు. ఆ పార్టీని నడిపిన పెద్దల్లో చాలామంది తెలుగువాళ్లే గనుక మన దగ్గర దీనికి రకరకాల సమర్థింపులు వినిపిస్తుంటాయి. బలగాలు దిగకపోతే పేల్చేవాళ్లు కాదు అంటారు. అయి ఉండవచ్చు. పేల్చాక అయిదో తరగతి పిల్ల ఎక్కడ కూర్చోవాలో ఆ సమర్థింపులో ఉండదు. సుప్రీంకోర్టు 2011 జనవరిలో బడులనూ ఆశ్రమాలనూ బలగాలు నాలుగు నెలల్లో ఖాళీ చేయాలంది. అదే ఏడాది జులై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ ధర్మాసనం ఆదివాసీ యువకులను స్పెషల్ పోలీసు అధికారులుగా తీసుకుని చేతికి తుపాకులివ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చింది. కానీ తీర్పులు భవనాలు కట్టవు. జగర్‌గుండాలో మూతపడిన బడి మళ్లీ తెరుచుకునేసరికి 2019 జూన్ వచ్చింది, పదమూడేళ్లు.

ఆ సందులో పుట్టినవే పోర్టా కేబిన్ హాస్టళ్లు. ఇనుప చట్రం, గోడలకు వెదురు తడకల బోర్డులు, పైన రేకులు, అయిదు వందల మందికి సరిపడా పడకలు. యుద్ధం మధ్యలో అవి లేకపోతే ఒక తరం పిల్లలకు అక్షరమే దక్కేది కాదు. ఈ మాట దాచిపెట్టి వాదించడం నాకిష్టం లేదు. అక్కడ చదివి నర్సులైనవాళ్లున్నారు, పంతుళ్లయినవాళ్లున్నారు. నా అభ్యంతరం అవి కట్టినందుకు కాదు. తాత్కాలికమని కట్టినదాన్నే శాశ్వత విధానం చేసి, దాన్ని నింపడానికి ఊరి బడిని ఎండబెట్టినందుకు.

ఒకచోట చేరిస్తే పర్యవేక్షణ బాగుంటుందంటారు కదా. కాంకేర్ జిల్లా ఝలియామారి ఆశ్రమంలో చిన్నపిల్లల మీద అత్యాచారాలు జరుగుతున్న సంగతి 2013 జనవరిలో బయటపడింది. అరెస్టయింది బయటి దుండగులు కాదు, అక్కడి శిక్షాకర్మి, కాపలాదారు. తెలిసీ పైకి చెప్పలేదన్న ఆరోపణ మీద బ్లాకు స్థాయి విద్యాధికారులూ అరెస్టయ్యారు. అంటే తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టాల్సినవాళ్లే. 2024 మార్చిలో బీజాపూర్ జిల్లా ఆవాపల్లి దగ్గర చింతకుంట బాలికల పోర్టా కేబిన్ రాత్రివేళ తగలబడింది. దాదాపు మూడు వందల మంది ఆడపిల్లలను బయటికి తేగలిగారు. హాస్టల్లో ఉన్న తనవాళ్ల దగ్గరికి వచ్చి ఆ రాత్రి అక్కడే పడుకున్న నాలుగేళ్ల పిల్ల కాలిపోయింది. వెదురు తడకలు అంటుకుంటే ఎంతసేపట్లో కాలుతాయో తెలుసుకోవడానికి ఇంజినీరింగ్ నివేదిక అక్కర్లేదు. ఆ తడకల మధ్య వందలమంది పిల్లలు పడుకుంటున్నారని ఏళ్ల తరబడి తెలిసిన అధికారులు ఎంతమంది మారి ఉంటారు!

పెద్ద హాస్టల్ వల్ల కలెక్టరుకు తనిఖీ సులువవుతుంది, అది ఒప్పుకుంటాను. ఒక్క కారు, ఒక్క మధ్యాహ్నం, అయిదు వందల మంది పిల్లలు. తల్లికి మాత్రం అదే తనిఖీ అసాధ్యమవుతుంది. నలభై కిలోమీటర్ల అవతల, తనకు రాని హిందీ మాట్లాడే అధీక్షకుడి గదిలో నిలబడి ‘మా పిల్ల ఎందుకు చిక్కిపోయింది’ అని గోండీలో అడిగితే సమాధానం వస్తుందా? అదే తల్లికి తన పారాలోని బడి సంగతి అడక్కుండానే తెలుస్తుంది. పంతులు వచ్చాడో లేదో, పప్పులో నీళ్లెన్నో, పిల్ల ఏడుస్తూ వచ్చిందో నవ్వుతూ వచ్చిందో. ఒకరికి సులువు చేయడం కోసం ఇంకొకరి కన్ను తీసేసి, దాన్ని మెరుగైన పర్యవేక్షణ అనడం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం. ముప్పైమంది లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే నిర్వహణ గ్రాంటు 10,000 రూపాయలు. సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ఎగిరిపోయిన రేకు, అన్నీ అందులోనే. అందులో పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలి. ఏకలవ్య ఆదర్శ గురుకులాల్లో ఒక్కో విద్యార్థి మీద ఏటా పెట్టే ఖర్చు 1,09,000 రూపాయలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి గుండెలు బాదుకోవడం న్యాయం కాదు. మొదటిదాంట్లో పంతులు జీతం లేదు, రెండోదాంట్లో తిండీ పడకా ఉన్నాయి. నేను చూపించదలచింది మరొకటి. ఊరి కంటికి ఆనే సర్కారు సొమ్ము ఆ పదివేలే. అదీ 2021 తర్వాత చేతికి రావడం లేదు. బడి కమిటీ ఖాతాలో నిల్వ సున్నా; పైనుంచి ఖర్చుకు ‘లిమిట్’ పడుతుంది, మార్చి 31 లోపు పోర్టల్‌లో ఎక్కించి వాడుకోకపోతే వెనక్కి పోతుంది. ఊళ్లో సిగ్నల్ లేకపోతే పంతులు ఆ పనికి బ్లాకుకు వెళ్లాలి. ఆ రోజు మళ్లీ తాళం. చట్టప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్లుండాలి. అలా ఏర్పడిన కమిటీ అధ్యక్షురాలికి తన బడి డబ్బు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు పోయిందో తెలిసే దారే లేదు.

చిన్న బడిని చిన్నదిగా ఉన్నందుకు శిక్షించడం బస్తర్‌కే పరిమితం కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జీవో 117 తెచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతులను హైస్కూళ్లకు తరలించినప్పుడు ఇవే మాటలు విన్నాం: సబ్జెక్టు టీచర్లు, మెరుగైన వసతులు, వనరుల సద్వినియోగం. మూడేళ్లకే ఆ జీవోను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎందుకంటే మన ఊళ్లలో తల్లిదండ్రులు గేటుకు అడ్డంగా నిలబడ్డారు, సంఘాలు రోడ్డెక్కాయి, ఎమ్మెల్యేలకు ఓట్ల భయం పట్టుకుంది. సుక్మాలో గేటుకు అడ్డం నిలబడితే ఏ ముద్ర పడుతుందో వేరే చెప్పాలా? అక్కడి సిల్గేర్‌లో 2021లో భద్రతా బలగాల క్యాంపుకు ఎదురుగా కూర్చున్నవాళ్ల కోర్కెల్లో బడి ఉంది, ఆసుపత్రి ఉంది. వాటి గురించి రాసినవాళ్లు తక్కువ.

2022 జూన్‌లో భూపేశ్ బఘేల్ ప్రభుత్వం నాలుగు జిల్లాల్లో మూతపడిన 260 బడులను మళ్లీ తెరిచింది. బీజాపూర్‌లో 158, సుక్మాలో 97, నారాయణపూర్‌లో 4, దంతెవాడలో 1. గదులు లేని చోట ఊరివాళ్లే కర్రలు పాతి, ఆకు కప్పి పాకలేశారు. పంతుళ్లు వెళ్లబోమన్న ఆ ఊళ్లలో పాఠం చెప్పింది స్థానిక యువకులు, శిక్షాదూతలు. పేరు గొప్పదే, చేతికిచ్చేది మాత్రం గౌరవవేతనం. 2025లో వాళ్లలో కొందరిని ఇన్‌ఫార్మర్లన్న నెపంతో మావోయిస్టులు చంపారు. ఎవరూ వెళ్లని బడికి వెళ్లినందుకు ఇంత మూల్యం చెల్లించినవాళ్లను సర్కారు ఇప్పటికీ తన ఉద్యోగులుగా లెక్కలోకి తీసుకోకపోవడం సిగ్గుచేటు. ఆదివాసీలకు చదువు మీద శ్రద్ధ లేదనేవాళ్లు ఆ ఆకు పాకలను ఏ పద్దు కింద రాస్తారో మరి.

డబ్బు లేదా? 1968 నుంచి బైలడిల్లా ఇనుప ఖనిజం అరకు మీదుగా విశాఖ రేవుకు దిగుతూనే ఉంది. ఆ గూడ్సు బండ్లను చూడని ఉత్తరాంధ్రవాడు ఉండడు. 2015 నుంచి పాత గనుల లీజుల మీద రాయల్టీలో ముప్పై శాతానికి సమానమైన మొత్తం జిల్లా ఖనిజ నిధికి జమ కావాలి. దాన్ని ఖర్చు పెట్టాల్సిన ముఖ్యమైన పనుల్లో విద్య ఒకటి. షెడ్యూల్డు ప్రాంతంలో ఆ ప్రణాళికలకు గ్రామసభ ఆమోదం ఉండాలని నిబంధన కూడా ఉంది. గ్రామసభ అడిగేది పారాకు ఇద్దరు పంతుళ్లను. కానీ భవనమైతే కాంట్రాక్టరుంటాడు, శిలాఫలకం ఉంటుంది, ఫొటో ఉంటుంది. జీతానికి ఇవేవీ ఉండవు.

చదువురాని ఊరివాళ్లు బడిని ఏం పర్యవేక్షిస్తారని చివరగా ఒక ప్రశ్న ఎదురవుతుంది. చదువొచ్చినవాళ్లు ఝలియామారిని ఎలా పర్యవేక్షించారో చూశాం గనుక ఆ ప్రశ్నకు పెద్దగా జంకను. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల కోసం తెచ్చిన 1996 నాటి పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, వాటి సిబ్బంది మీద అదుపు గ్రామసభకూ పంచాయతీలకూ ఇవ్వమంది. 2022లో ఛత్తీస్‌గఢ్ నియమాలూ రాసుకుంది. కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. పంతులు నెల జీతం బిల్లు మీద కమిటీ అధ్యక్షురాలి వేలిముద్ర ఉండాలి. బడి మూసే ఉత్తర్వుకు గ్రామసభ తీర్మానం జత కావాలి. గ్రాంటు తలల లెక్కన కాకుండా బడి లెక్కన రావాలి. అయిదో తరగతి దాకా పిల్ల ఇంటి నుంచే చదవాలి. హాస్టలు ఆ తర్వాతి మాట. శిక్షాదూతలకు ఖనిజ నిధి నుంచైనా సరే శిక్షణ ఇచ్చి, పూర్తి జీతం కట్టి, ఆ ఊళ్లలోనే ఉంచాలి. ఇవన్నీ అయిదేళ్లు చేసి చూశాక కూడా ఏ పారాలోనైనా బడి ఖాళీగా ఉంటే మూసేయండి. అడ్డుకునేవాళ్లలో నేను ఉండను.