విహార రేఖలు: కొచ్చి రేవులో ఒక తీరిక దినం

సెలవు ప్రయాణ రాయితీ మంజూరైన నాటి సాయంకాలమే మన ఇళ్లలో ఒక కాగితం తయారవుతుంది. ఏ రోజున ఏ ఊరు, ఏ ఊరిలో ఎన్ని దర్శనీయ స్థలాలు, ఒక్కొక్క చోట ఎంత సమయం అన్న వివరాలతో అది క్రమంగా ఉత్పత్తి ప్రణాళిక రూపం దాలుస్తుంది. లక్ష్యసాధనకు అలవాటుపడిన సంస్థలలో పనిచేస్తున్నవారం గనుక విశ్రాంతికి సైతం లక్ష్యాలు నిర్ణయించుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ కాగితం అమలులో ఎక్కువ శ్రమ ఎవరి వంతుకు వస్తున్నదో ఒకసారి గమనించవలసి ఉంది. పిల్లలు అలసినా మరునాటికి కోలుకుంటారు. ఇంటి పెద్దలు మాత్రం సగం స్థలాల వద్ద బస్సు దిగకుండానే తిరిగి వస్తారు.

ఈ మాట ఊహించి చెప్పినది కాదు. కొన్నేళ్ల క్రితం ఒక యాత్రా నిర్వాహకుల బస్సులో మేము కొచ్చి చూశాము. ఒక్క పగటిలో ఏడు స్థలాలు! ఒక్కొక్క చోట ఇరవై నిమిషాలు. మోకాళ్ల నొప్పులతో బాధపడే మా అత్తగారు మెట్లు దిగేసరికే తిరిగి ఎక్కమని ఈల వినవచ్చేది. మూడవ మజిలీ తరువాత ఆమె దిగడమే మానుకున్నారు. కొచ్చిని గురించి ఆమెకు మిగిలిన జ్ఞాపకం కిటికీ అద్దం, ముందు సీటు వెనుక భాగం మాత్రమే. గత శీతకాలంలో అదే ఊరికి మళ్లీ వెళ్లే అవకాశం లభించినప్పుడు ఏ పట్టికా లేకుండా ఒక్క రోజు గడపాలని నిశ్చయించుకున్నాము.

కొచ్చిని ఎంచుకోవడానికి మరొక కారణం కలదు. మన దేశంలో విహార నౌకలు తరచుగా ఆగే రేవులలో ఇది ఒకటి. వానకాలం వెళ్లిన తరువాత ఈ నౌకలు వరుసగా వస్తాయి. సాధారణంగా ఉదయం రేవు చేరి, సాయంకాలం తాళ్లు విప్పుకొని వెళ్లిపోతాయి. అందులోని ప్రయాణికులకు ఊరిలో గడపడానికి ఎనిమిది, పది గంటలకు మించి ఉండదు. కనుక ఒక్క పగటిలో అతిథిని ఎట్లా ఆదరించాలో, ఎట్లా తొందరపెట్టాలో, రెండూ ఈ ఊరికి బాగా తెలుసు. విశాఖపట్నంలో కూడ 2023లో విహార నౌకల కోసం ప్రత్యేక ప్రాంగణం ప్రారంభమైనది గనుక ఈ విషయం మనకు మరీ దూరమైనది కాదు.

విహార నౌకలు ఆగేది విల్లింగ్డన్ దీవిలో. 2021లో ప్రారంభించిన ‘సాగరిక’ ప్రాంగణం అక్కడనే ఉన్నది. ఇంజనీరింగు విభాగాలలోని మిత్రులు ఈ దీవి మీద నిలిచినప్పుడు కాలి కింది నేలను ఒకసారి పరికించాలి. అందులో అధిక భాగం సముద్రగర్భం నుండి తవ్వి తీసిన మట్టి. 1341లో పెరియార్ నదికి వచ్చిన మహావరద వలన ప్రాచీన ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి ముఖద్వారం తెరుచుకున్నదని చరిత్రకారులు చెబుతారు. ద్వారమైతే తెరుచుకున్నది గాని దాని ఎదుట ఇసుక మేట అడ్డుగా నిలిచింది. పెద్ద ఓడలు వెలుపలే లంగరు వేసుకొని, సరుకును పడవల మీదికి దింపవలసి వచ్చేది. వానకాలంలో అదీ ప్రమాదమే. 1920లో వచ్చిన రాబర్ట్ బ్రిస్టో అనే ఇంజనీరు ఆ మేటను తవ్వించి, ఆ మట్టినే పోసి దీవిని విస్తరింపజేశాడు. 1928 మే నెలలో ‘పద్మ’ అనే ఆవిరి ఓడ లోపలి రేవులోనికి ప్రవేశించింది. అడ్డంకిగా ఉన్నదానినే ఆధారంగా మార్చుకున్న ఇటువంటి పని మన కర్మాగారాలలో జరిగి ఉంటే ఎన్ని సభలలో చెప్పుకొనేవారమో!

మేము నౌకలో వచ్చినవారము కాము, రైలులో వచ్చినవారము. ఎర్నాకుళం బోటు జెట్టీ నుండి రాష్ట్ర జలరవాణా శాఖ పడవ ఎక్కాము. కార్యాలయాలకు వెళ్లేవారు, సైకిళ్లు, కూరల సంచులు, మేము. ఇప్పుడు వాటర్ మెట్రో కూడ నడుస్తున్నది. 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన ఈ విద్యుత్ పడవలను నిర్మించినది మన వంటి ప్రభుత్వరంగ సంస్థయే, కొచ్చిన్ షిప్‌యార్డ్. 2022లో నౌకాదళానికి అందిన విక్రాంత్ విమానవాహక నౌకను కట్టినవారు వీరే. దానికి ఉక్కును అందించినది సెయిల్. వాటర్ మెట్రో పడవలు చల్లగా, శుభ్రంగా ఉంటాయి. అయినా గాలి ముఖాన తగలవలెనంటే పాత పడవయే మేలు. మా అత్తగారి అభిప్రాయం కూడ ఇదే.

ఫోర్ట్ కొచ్చిలో దిగిన తరువాత మొట్టమొదట కంటబడేవి చీనవలలు. ఒడ్డున పాతిన నిట్రాటల మీద ఏటవాలుగా అమర్చిన పెద్ద దూలాలు, వాటి కొసన వేలాడే వల, వెనుక వైపున తాళ్లకు కట్టిన బండరాళ్లు. నలుగురైదుగురు మనుషులు తాళ్లు సడలిస్తే వల నీటిలో మునుగుతుంది. లాగితే రాళ్ల బరువు తోడై పైకి లేస్తుంది. మన పల్లెల్లో ఏతంతో నీరు తోడడం చూసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. పూర్వం చీనా వర్తకులు తెచ్చినవని ఒక వాదం, మకావు నుండి పోర్చుగీసువారు తెచ్చినవని మరొక వాదం. ఎవరు తెచ్చినా ఇప్పుడవి ఆ ఊరివే.

ఒక వల వద్ద మేము గంటకు పైగా కూర్చున్నాము. నిద్రగన్నేరు చెట్ల నీడ అక్కడ పుష్కలం. వల ఎనిమిది సార్లు లేచింది. రెండు సార్లు పిడికెడు చిన్న చేపలు, ఒకసారి నాలుగు పీతలు, తక్కిన సార్లు గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. ప్రతిసారీ వారు చెత్తను ఏరి, వలను సరిచేసి, మళ్లీ దించారు. కాసేపటికి వారిలో ఒకరు మా అబ్బాయిని పిలిచి తాడు చేతికిచ్చారు. వాడు తన బలమంతా ఉపయోగించాడు. ఇట్లా తాడు లాగించి, ఆపైన పది రూపాయలు ఆశించడం పర్యాటకులను విసిగించడమేనని కొందరు వ్రాయగా చదివాను. ఆ గంట సేపు అక్కడ కూర్చున్న తరువాత ఆ మాటతో నేను ఏకీభవించలేను. వలలో పడిన చేపలకు ఎంత వస్తుందో కళ్లారా చూశాము. ఆ కొద్దిపాటి ఆదాయాన్ని అంతమంది పంచుకోవాలి. వానలకు పాడైన కర్రలను మార్చాలి. అందుకే కొన్ని వలలకు కర్ర స్థానంలో ఇనుప గొట్టాలు వచ్చి చేరాయి. ఛాయాచిత్రానికి అవి అందంగా ఉండవని సణిగేవారు కర్ర ఖరీదు ఒకసారి విచారించాలి. పర్యాటకుడు కెమెరాతో వచ్చి, ఉచితంగా చిత్రం తీసుకొని వెళుతున్నాడు. ఆ చిత్రంలోని మనుషులకు దానివలన ఏమి మిగిలింది? తాడు పట్టుకొని ఇచ్చిన పది రూపాయలు, యాభై రూపాయలు కూడ ఆ వల నిలిచి ఉండడానికి ఒక కారణమే.

ఆ గంట సేపూ మా అత్తగారు బెంచీ మీద, పల్లీలు అమ్ముకొనే ఒక వృద్ధురాలి పక్కన ఆసీనులై ఉన్నారు. ఈమెకు మలయాళం రాదు, ఆమెకు తెలుగు రాదు. అయినా ఇద్దరి మోకాళ్ల సంగతీ ఇద్దరికీ తెలిసిపోయింది. ఏ తైలం రాయాలో కూడ చర్చ జరిగినట్లున్నది.

సమీపంలోనే సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి ఉన్నది. 1503లో పోర్చుగీసువారు కొయ్యతో మొదలుపెట్టిన ఈ ప్రార్థనాలయం తరువాత రాతికట్టడమైనది. 1524లో కొచ్చిలోనే మరణించిన వాస్కో డ గామాను ఇక్కడనే ఖననం చేశారు. కొన్నేళ్ల తరువాత అవశేషాలను పోర్చుగల్‌కు తరలించగా, సమాధి ఫలకం మాత్రం మిగిలింది. ఫలకం వద్ద అందరూ గుమిగూడతారు. నాకు నచ్చినవి పైకప్పు నుండి వేలాడే గుడ్డ పంకాలు. వాటి తాళ్లు గోడ దాటి వెలుపలికి వెళతాయి. లాగే మనిషి ఆ చివర, ఎండలో ఉండేవాడు. సాంతాక్రూజ్ బాసిలికాను బయటి నుండే చూసి ముందుకు సాగాము.

మధ్యాహ్న భోజనానికి కేరళ పద్ధతిలో ఎర్రని ముతక బియ్యపు అన్నం, పులుసు, తోరన్. తాగడానికి గులాబీ రంగు వేడి నీరు తెచ్చిపెడితే పిల్లలు భయపడ్డారు. పతిముఖం అనే చెట్టు చెక్కను వేసి కాచిన నీరు అది. దాహం తీరుస్తుందని అక్కడివారి నమ్మకం. రెండవ రోజుకు పిల్లలే అడిగి పోయించుకున్నారు.

భోజనానంతరం ఎక్కడికీ వెళ్లకపోవడం ఉత్తమం. విహార నౌకల ప్రయాణికులలో కొందరు ఈ సమయంలోనే బస్సులలో ఆలప్పుళకు బయలుదేరుతారు. వెళ్లడానికి యాభై కిలోమీటర్లకు పైగా, తిరిగి రావడానికి మళ్లీ అంతే. ఓడ వెళ్లిపోతుందేమోనన్న ఆందోళనతో చూసే కాయలు మనశ్శాంతిని ఏ మేరకు ఇస్తాయో వారికే తెలియాలి.

ఎండ తగ్గిన తరువాత వెలి ప్రాంతంలోని ధోబీఖానాకు వెళ్లాము. దీనిని దర్శనీయ స్థలాలలో చాలామంది చేర్చరు. డచ్చివారి కాలంలో సైనికుల దుస్తులు ఉతకడానికి తమిళనాడు నుండి వచ్చిన కుటుంబాల వారసులు ఇక్కడ పనిచేస్తున్నారు. వరుసగా ఉతుకు తొట్లు, ఆవల విశాలమైన ఆరుబయలు. దండేనికి పిన్నులు ఉండవు. రెండు తాళ్లను మెలితిప్పి, ఆ మెలికలలో గుడ్డ అంచును ఇరికిస్తారు. ఎంత గాలి వీచినా ఊడదు. గంజి పెట్టిన తెల్లని పంచెలు ఆ గాలికి ఊగుతుంటే మా అత్తగారు చాలాసేపు నిలబడి చూశారు. మెలిక ఎట్లా వేయాలో అక్కడివారిని అడిగి, చేసి చూపించమన్నారు. ఇస్త్రీ గది తలుపు వద్ద ఆమెకు కుర్చీ వేశారు. ఇంటికి వచ్చిన తరువాత మా మేడమీద దండెం మెలికల తాడుగా మారిపోయిన సంగతి వేరే చెప్పనక్కరలేదు.

చివరగా మట్టాంచేరి. ఇక్కడ రెండు స్థలాలకు మించి చూడరాదని నా సలహా. మొదటిది రాజప్రాసాదం. 1555 ప్రాంతంలో పోర్చుగీసువారు కట్టించి కొచ్చి రాజుకు సమర్పించినది. 1663 తరువాత డచ్చివారు మరమ్మతు చేసినందున డచ్చి ప్రాసాదం అన్న పేరు నిలిచిపోయింది. శయనాగారపు గోడల నిండా రామాయణ గాథ చిత్రించి ఉన్నది. చిత్రాలు ఒకదాని నొకటి తోసుకొంటూ, ఖాళీ అన్నదే లేకుండా గోడను నింపివేస్తాయి. తోలుబొమ్మలాట చూసిన కళ్లకు ఆ వర్ణాలు, విప్పారిన ఆ నేత్రాలు పరిచితంగా తోస్తాయి. శుక్రవారం ఈ ప్రాసాదం మూసి ఉంటుంది.

రెండవది, దాని సమీపంలోని యూదుల ప్రార్థనామందిరం. 1568 నాటిది. చెప్పులు విడిచి లోపలికి అడుగుపెడితే, చీనా నుండి తెప్పించిన నీలి చిత్రాల పలకలు నేలంతా పరచి ఉంటాయి. పైన గాజు దీపగుచ్ఛాలు. 1968లో నాలుగువందల సంవత్సరాల ఉత్సవానికి ప్రధాని ఇందిరాగాంధీ విచ్చేశారు. అప్పటికే ఇక్కడి యూదులలో అధికసంఖ్యాకులు ఇజ్రాయెల్‌కు తరలిపోయారు. ఇప్పుడు మిగిలినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. మందిరం ఉన్నది, గడియారపు గోపురం ఉన్నది, వీధికి యూదుల వీధి అన్న పేరు ఉన్నది. ఆ పేరుకు కారకులైనవారు లేరు. వారి ఇళ్లలో ఇప్పుడు సుగంధద్రవ్యాలు, పురాతన వస్తువులు అమ్ముతున్నారు. శనివారం సందర్శకులను అనుమతించరు. శుక్రవారం మధ్యాహ్నం తరువాత కూడ వెళ్లి ప్రయోజనం లేదు.

కొంగణి కుటుంబాలు నెలకొల్పిన తిరుమల దేవస్వం కూడ ఈ మట్టాంచేరిలోనే ఉన్నది. అక్కడ వెలసినది వేంకటాచలపతి. ఆ మాట విన్న తరువాత మా ఇంటివారిని ఆపడం ఎవరి తరం? ‘రెండు స్థలాలకు మించరాదు’ అన్న నియమాన్ని అక్కడ సడలించవలసి వచ్చింది.

తిరిగి సముద్రపు ఒడ్డుకు చేరేసరికి అయిదున్నర దాటింది. ఫోర్ట్ కొచ్చికి, వైపిన్‌కు నడుమ ఉన్న ఆ ఇరుకైన ముఖద్వారం గుండానే ప్రతి నౌకా వెళ్లాలి. ఆ సాయంకాలం ఒక తెల్లని విహార నౌక మెల్లగా కదలివచ్చింది. ఎన్నో అంతస్తుల భవనం ఒడ్డుకు అంత సమీపంగా జరిగిపోతున్నట్లున్నది. పైనుండి ప్రయాణికులు చేతులు ఊపారు. ఒడ్డున పిల్లలందరూ ఊపారు. మా అత్తగారూ చేయి ఊపారు. పొద్దున మాకు తాడు అందించిన మనిషి మాత్రం తల ఎత్తలేదు. ఓడ రేపిన అల తగ్గేవరకు ఆగి, వల దించమని తోటివారికి సైగ చేశాడు.