ఇంటా బయటా: కొత్తగా వచ్చిన ప్రాణి

గత నెల మన పిల్లల తెలుగు తరగతిలో వెనక వరుస కుర్రాళ్ళు ముగ్గురు బల్ల కింద ముక్కలాడుతూ పట్టుబడ్డారు. పేకముక్కలు కావు. రాక్షసులూ, దేవకన్యలూ, ఎలుగుబంట్లూ ఉన్న ముక్కలు. ఆ ముగ్గురిలో ఒకడు మా సుపుత్రుడే. "డాక్టరుగారూ, ఇదేదో మంత్రాల ఆటట. పిల్లలు చెడిపోరు గదా? మీరు చూసి శీర్షికలో రాయండి" అని తల్లులు కొందరు ఆ భారం మా మీద పెట్టారు. చూశాం. చూడటమే కాదు, పదేళ్ళవాడి చేతిలో వరసగా ఆరు ఆటలు ఓడిపోయాం కూడా. కాబట్టి అనుభవంతోనే రాస్తున్నాం.

దీని పేరు మ్యాజిక్: ది గ్యాదరింగ్. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే లెక్కల పండితుడు కనిపెట్టగా, విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ 1993లో విడుదల చేసింది. అంతకుముందే 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో నోటిమాటతోనూ పాచికలతోనూ కథ నడుస్తుంది. ఇందులో అంతా ముక్కల మీద యుద్ధమే. ఇద్దరు ఆడితే ఒక్కొక్కరికి 20 పాయింట్ల ఆయుష్షు. మామూలుగా కట్టలో కనీసం 60 ముక్కలుండాలి. మొదట చేతికి 7 తీసుకుంటారు. నేల ముక్కలనుంచి 'మానా' అనే శక్తి పుడుతుంది. ఆ శక్తి ఖర్చుపెట్టి ప్రాణులను ఆవాహన చేయాలి. ప్రాణి ముక్క కింద కుడి మూలన రెండు అంకెలుంటాయి. మొదటిది కొట్టే బలం, రెండోది ఓర్చుకునే బలం. 'గ్రిజ్లీ బేర్స్' అనే ఎలుగుకు 2, 2. 'హిల్ జయంట్' అనే రాక్షసుడికి 3, 3.

మేము ఓడిపోవడానికి మొదటి కారణం, దాడి చేసేవాడు ఎదుటి ప్రాణుల్లో ఫలానాదాన్ని కొడతానని ఎంచుకోవచ్చు అనుకోవడం. అలా కుదరదు. అతడు ఎదుటి ఆటగాడి మీదికి పంపుతాడు. అడ్డు పెట్టాలా వద్దా, పెడితే దేన్ని పెట్టాలి అన్నది కాచుకునేవాడి ఇష్టం. అడ్డు పెట్టకపోతే దెబ్బ నేరుగా ఆయుష్షుకే తగులుతుంది. రాక్షసుడు ఒక్కడే వస్తే రెండు ఎలుగులు కలిసి అడ్డు నిలవవచ్చు. దెబ్బలు ఒకేసారి పడతాయి. రెండు ఎలుగులవీ కలిపి 4 గనుక రాక్షసుడు చస్తాడు. వాడి 3తో ఒక ఎలుగు మాత్రమే చస్తుంది. బతికిన ఎలుగుకు తగిలిన గాయం ఆ వంతు ముగిసేసరికి పూర్తిగా మానిపోతుంది. మా వృత్తిలో అంత సుఖం లేదు!

రెండో సూత్రం, దాడికి పోయే ప్రాణిని పక్కకు తిప్పి పెట్టాలి. దీన్నే ట్యాప్ చేయడం అంటారు. మళ్ళీ మన వంతు వచ్చేదాకా అది అలాగే ఉంటుంది, కాబట్టి ఎదుటివాడు విరుచుకుపడినప్పుడు అడ్డుకు పనికిరాదు. 'సెరా ఏంజెల్' లాంటి కొన్నింటికి మాత్రం తిప్పకుండానే దాడి చేసే వరం ఉంది. మిగతావాటికి బయట యుద్ధం చేస్తే ఇంట్లో కాపలా ఉండదు. డ్యూటీలు చేసే దంపతులకు ఈ సూత్రం వేరే చెప్పనక్కర్లేదు.

మూడోదే అసలు సంగతి. ఆవాహన చేసిన ప్రాణి ఆ వంతులోనే దాడికి పోరాదు. మన వంతు మొదలయ్యేసరికే అది మన అధీనంలో ఉండి తీరాలి. పిల్లలు దీన్ని 'సమ్మనింగ్ సిక్‌నెస్' అంటారు. ఎదుటివాడు సర్దుకోవడానికి ఒక వంతు దొరుకుతుంది, ఆట న్యాయంగా ఉంటుంది. మన ఘటోత్కచుడిలాగా తలచుకోగానే వచ్చి తలపడే ప్రాణులూ కొన్ని లేకపోలేదు. ఆ గుణాన్ని 'హేస్ట్' అంటారు. కానీ అవి తక్కువ.

ఈ సూత్రం వినగానే మా ఇద్దరికీ మా మొదటి రోజులు గుర్తొచ్చాయి. గుంటూరులో డాక్టర్లమై వచ్చి, ఇక్కడ మళ్ళీ పరీక్షలు రాసి, మళ్ళీ రెసిడెన్సీ చేసేదాకా మేమూ వచ్చినచోటే నిలబడ్డవాళ్ళమే. అయినా ఇంట్లో ఆ స్థితిలో ఉన్న మరొకరిని గుర్తించలేకపోయాం.

మా నాన్నగారు తెనాలినుంచి వచ్చి రెండు నెలలైంది. కారు నడపరు. పొద్దున్నే నడిచి వెళ్ళడానికి కాఫీ హోటలు లేదు, మాట్లాడటానికి మనిషి లేడు. కిటికీ దగ్గర కూర్చుంటారు. "నేనిక్కడ దేనికీ పనికిరాను. టికెట్టు ముందుకు జరపండి" అన్నారు. మేము వీసా గడువూ, టికెట్టు ఖర్చూ లెక్కలు చెప్పాం. ఆయన మాట్లాడలేదు.

ఒక ఆదివారం మావాడు వచ్చీరాని తెలుగులో తాతగారికి ఈ ఆట చెబుతున్నాడు. కొత్తగా వచ్చిన ప్రాణి దాడి చేయకూడదనగానే ఆయన, "మరి అడ్డు నిలబడొచ్చా?" అని అడిగారు. "వచ్చిన నిమిషం నుంచీ నిలబడొచ్చు తాతయ్యా" అన్నాడు వాడు. నిజమే, ఆ నియమం దాడికే గాని అడ్డుకు కాదు.

ఆయన వచ్చిన మొదటి వారంలోనే వాడికి 103 జ్వరం వచ్చింది. ఆ రాత్రి మేమిద్దరం డ్యూటీలో ఉన్నాం. తెల్లవార్లూ తడిగుడ్డతో పక్కన కూర్చున్నది ఆయనే. పొద్దున మేము వచ్చి థర్మామీటరు చూశాం, మందు వేశాం, నిద్రపోయాం. ఆయనతో ఒక్క మంచిమాట అనలేదు. ఆదివారం రాత్రి అన్నాం. "ఇప్పుడెందుకురా అవన్నీ" అన్నారు.

ఇక తల్లిదండ్రుల ప్రశ్నకు జవాబు. మాకు తెలిసినంతలో ఈ ఆటలో చెడు మంత్రాలేవీ లేవు. కూడికలూ, తీసివేతలూ, కొంత ఓర్పూ ఉన్నాయి. జాగ్రత్తపడవలసింది డబ్బు దగ్గర. లోపల ఏముందో తెలియని ప్యాకెట్లు కొనే సరదా లాటరీ సరదా లాంటిదే. నెలకింతని హద్దు పెట్టండి. తరగతిలో మాత్రం వద్దు.

టికెట్టు సంగతి ఇంకా తేలలేదు. వచ్చే సమావేశానికి నాన్నగారిని తీసుకొస్తున్నాం. దయచేసి ఎవరైనా ఆయన పక్కన కాసేపు కూర్చోండి.