కోరిక ఒక ఊరు... విలువ ఒక దిక్కు!

సినిమాలో హీరోకి ఏం కావాలో మొదటి అరగంటలోనే మనకి తెలిసిపోవాలి. ఇంటర్వెల్ దాకా తెలియలేదా, హాల్లో ఈలలు మొదలు! మరి మన సంగతేమిటి? ఇరవై ఏళ్ళు నిండినా "నీకేం కావాలోయ్?" అని ఎవరైనా అడిగితే నీళ్ళు నములుతాం. ఎదురింటి అబ్బాయికి ఏది కావాలో అదే మనకీ కావాలంటాం. ఈ వారం కబుర్లు దాని గురించే.

మొన్న పనిమీద శంకర్‌పల్లి రోడ్డులో దొంతన్‌పల్లి వెళ్ళాను. ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయం ప్రాంగణం ఉన్న ఊరు కదా, కుర్రకారుకి కొదవలేదు. టీ కొట్టు దగ్గర ఒక తమ్ముడు పరిచయమయ్యాడు. ఏ కాలేజీ అన్నది ఇక్కడ అనవసరం. నేను సినిమా పత్రికకి రాస్తానని తెలియగానే గ్లాసు పక్కన పెట్టేశాడు.

"అన్నా, నేను డైరెక్టర్ గావాలె. చదువు ఇడిసిపెడదామనుకుంటున్న. మా నాయిన అప్పుజేసి ఫీజు కట్టిండు. ఆయనకు చెప్పనీకి నోరొస్తలేదు. రాత్రిళ్ళు నిద్ర వడ్తలేదు."

"డైరెక్టర్ ఎందుకు కావాలి?" అన్నాను.

"పేరొస్తది గదన్నా!" అని ఠక్కున అనేసి, కాసేపు ఆగాడు. "మా తాత నన్ను ఒగ్గుకథకు తోలుకపోయేటోడు. జనమంత తెల్లారేదాక కదలకపోయేది. నేను గూడ గట్ల కథ చెప్పాలె."

చూశారా! ఒక్క ప్రశ్నకి రెండు జవాబులు. మొదటిది కోరిక, రెండోది విలువ. కౌన్సిలింగ్ చేసే ఒక స్నేహితురాలు నాకు ఈ తేడా విడమర్చి చెప్పింది. కోరిక ఒక ఊరు లాంటిది; చేరితే ప్రయాణం అయిపోతుంది, బస్సు తప్పితే ఏడుపొస్తుంది. విలువ ఒక దిక్కు. తూర్పుకి ఎంత నడిచినా "తూర్పు అయిపోయింది" అనేవాడుండడు. పైగా ఆ నడక ఇవాళే, ఉన్నచోటి నుంచే మొదలుపెట్టొచ్చు.

దొంతన్‌పల్లికి దగ్గర్లోనే చిలుకూరు బాలాజీ ఉన్నాడు. కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు, తీరాక 108. వీసాల కోసం వచ్చేవాళ్ళు అంతమంది కనకనే "వీసా బాలాజీ" అని పేరు పడింది. మొక్కు తప్పు కాదు. కానీ వీసా ఒక ఊరు. ముద్ర పడ్డ మర్నాడు ఏమిటి? అదే గుళ్ళో హుండీ ఉండదు, గమనించారా? కోరికలు తీరినా తీరకపోయినా ఆ నియమం మాత్రం రోజూ నడుస్తుంది. విలువ అంటే అలా ఉంటుంది.

విశ్వనాథ్ గారి 'స్వర్ణకమలం' (1988) చూసే ఉంటారు. తండ్రి నేర్పిన నాట్యమంటే మీనాక్షికి చిరాకు. ఎవరి బలవంతం మీదో ఆడినన్నాళ్ళూ ఆ ఆటలో ప్రాణం లేదు. అది తనదని తనకి అనిపించిననాడే భానుప్రియ కాళ్ళకి రెక్కలొచ్చాయి. నాట్యం గొప్పదే, అయినా ఇల్లూ పొలంలాగా తండ్రి పేరు మీంచి కూతురి పేరు మీదికి రిజిస్టరు కాదు! కానీ వెంకటేష్ వేసిన చంద్రశేఖర్ లాగా వెంటపడి ఒప్పించడం కౌన్సిలర్ పని కాదట. "మా విలువలు వాళ్ళకి అంటగట్టకూడదు. అడగాలి, వినాలి, అంతే" అంది నా స్నేహితురాలు.

వాళ్ళు అడిగే తీరు చెబుతాను, ఇంట్లో మీరూ చేసి చూడండి. ఒకటి: మీ 80వ పుట్టినరోజున అయినవాళ్ళంతా చేరి మీ గురించి మాట్లాడుతున్నారనుకోండి. ఏం చెబితే మీకు తృప్తి? రెండు: పోస్టరు మీద మీ పేరుండదు, ఒక్క చప్పట్టూ లేదు. అయినా ఆ పని చేస్తారా? మూడోది స్వీడన్ మనస్తత్వవేత్త టోబియాస్ లుండ్‌గ్రెన్ చెప్పింది. గురి చూసి కొట్టే వలయాల బొమ్మ గీసి నాలుగు భాగాలు చెయ్యండి: చదువు-ఉద్యోగం, అనుబంధాలు, సరదాలు, ఆరోగ్యం-ఎదుగుదల. నడుమ చుక్క మీరు కోరుకున్న బతుకు. ఈ వారం మీరు ఆ చుక్కకి ఎంత దూరంలో ఉన్నారో ప్రతి భాగంలోనూ గుర్తు పెట్టండి.

మన తమ్ముడికి ఇవే అడిగాను. చప్పట్లు లేకపోయినా కథ చెబుతానన్నాడు. ఇంకోటి కూడా బయటపడింది: "నాయినకు అబద్ధం చెప్పుడు నాతోని గాదన్నా." అదీ విలువే! నిద్ర పట్టనిది డైరెక్టర్ కానందుకు కాదు, దాచినందుకు. "భయం వోయినంక చెప్త" అన్నాడు.

ఇక్కడే అసలు మెలిక. ఈ పద్ధతిని 1980ల నుంచి తీర్చిదిద్దిన అమెరికా ప్రొఫెసర్ స్టీవెన్ హేస్‌కి 1978లో, తోటి ప్రొఫెసర్ల మీటింగులో, భయంతో నోట మాట రాలేదట. భయాన్ని తరిమాకే బతుకుదామనుకుంటే అది ఇంకా పెరిగిందని ఆయనే చెప్పుకున్నాడు. భయాన్ని సంచిలో వేసుకునే నడవాలన్నది ఆయన తేల్చిన సంగతి.

చదువు మానే మాట ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఆదివారం ఇంటికెళ్ళి నాన్నకి అంతా చెబుతానన్నాడు తమ్ముడు. ఊళ్ళో ఒగ్గుకథ చెప్పే పెద్దాయన గొంతు ఫోన్లో రికార్డు చేస్తానన్నాడు. నాన్న కోప్పడొచ్చు, అప్పు తీరేదాకా చదవమనొచ్చు. అన్నా సరే, రెండు పనులూ అతని దిక్కుకే నడక.

మీలో ఎవరికైనా దిగులు మరీ ఎక్కువై రోజు గడవడం కష్టంగా ఉంటే కాగితంతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలిమానస్ ఉంది: 14416. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మిగతావాళ్ళు ఈ ఆదివారం మ్యాట్నీకి ముందు ఒక పావుగంట కాగితం, పెన్ను పట్టుకు కూర్చోండి. ఏం రాశారో నాకు పంపక్కర్లేదు, మీ దగ్గరే ఉంచుకోండి. వచ్చేవారం కలుద్దాం!