తొక్కు జాడీకి ఒక న్యాయం, క్రీము డబ్బాకు ఒక న్యాయమా?

మా టేకుమట్లలో మామిడికాయ తొక్కు పెట్టే రోజున పిల్లలకు వంటింటి గడప దాటే హక్కు ఉండదు. “తడి చేతులతోటి రాకుండ్రి, తొక్కు ఖరాబైతది!” ఏ ఇంటి ముందు నుంచి నడిచినా అదే కేక. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, నీడన ఆరబెట్టి, జాడీని ఎండలో పెట్టి, ఆఖరికి గంటెను కూడా పొడిగుడ్డతో తుడిచిగానీ ముట్టుకోనివ్వరు. నేను కోడలిగా వచ్చిన ఏడాది చెమ్మ ఆరని గిన్నెతో ఉప్పు కొలిచానని మా అత్తమ్మ ఆ ఉప్పంతా తీసి పక్కన పెట్టించింది. అప్పుడు నాకు ఉక్రోషం వచ్చింది. ఇప్పుడు ఆవిడకు దండం పెట్టాలనిపిస్తోంది.

ఎందుకంటారా? పోయిన ఎండాకాలం మా వాడకట్టులోని ఒక అమ్మాయి అందమైన గాజు డబ్బా ఒకటి పట్టుకొచ్చింది. కలబంద గుజ్జు, గులాబీ నీళ్లు, కొబ్బరినూనె, తేనెమైనం కలిపి ఇంట్లోనే చేసిన క్రీము.

“ఒక్క చుక్క కెమికల్ లేదు పెద్దమ్మా! పసిపిల్లలకు సుత రాయొచ్చు. మూడు నెలలు ఉంటది.”

“ఎట్లుంటదే, బిడ్డా?”

“విటమిన్ ఇ గోలీలు చిదిమి పోసిన గద!”

మెచ్చుకున్నాను. చదువుకున్న పిల్ల, నాలుగు రూపాయలు సంపాదించుకుంటోంది, మెచ్చుకోకేం చేస్తాం? రెండు డబ్బాలు కొని ఒకటి బాలింత అయిన మా కోడలికి ఇచ్చాను. నెల దాటింది. ఒకనాడు చూస్తే పసిదాని తొడల మడతల్లో ఎర్రగా పొక్కులు, వాటి కొసన చీము. డాక్టరమ్మ మందు రాసి, “ఏం పూస్తున్నారు?” అని అడిగి, డబ్బా తెప్పించుకుని మూత తీసి చూసింది. “దీనివల్లనే అని నేను చెప్పలేను. కానీ దీన్ని ఇవాళే పారేయండి,” అన్నది.

నేను వాసన చూశాను. గులాబీ వాసనే. బూజు లేదు, రంగు మారలేదు. అదే నన్ను భయపెట్టింది. తొక్కు చెడితే బూజు కనబడుతుంది, సద్ది పులిస్తే ముక్కుకు తెలుస్తుంది. క్రీము అట్లా కాదు. గ్రాముకు లక్షల్లో సూక్ష్మజీవులు పెరిగినా చూడ్డానికి చక్కగానే ఉండొచ్చు. అది కంపు కొట్టే నాటికి మనం ఎన్నాళ్లుగా పూసుకుంటున్నామో!

ఇప్పుడు నా తగవేమిటో చెబుతాను. చేత్తో చేసిన వాటి మీద నాకేం కోపం లేదు. “కెమికల్ లేదు” అన్న ఆ ఒక్క మాట మీదే నా కోపమంతా. నీళ్లున్న సరుకును డబ్బాలో పోసి నెలల తరబడి ఉంచుతూ, అందులో నిల్వమందు వెయ్యకపోవడాన్ని గొప్పగా చెప్పుకుంటున్నామే, అది గొప్పా, తప్పా?

పత్తి పండించే వాళ్లం మనం. తేమ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? పత్తిలో తేమ 8 శాతం దాటితే సీసీఐ వాళ్లు ధరలో కోత పెడతారు. 12 దాటితే కొననే కొనరు. మిర్చి ఎండీ ఎండకుండా వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు పట్టుకుపోతే పిడికిట పట్టి చూసి ధర దించేస్తారు. అంత లెక్క తెలిసిన ఇంట్లోనే, నూటికి 98 పాళ్లకు పైగా నీళ్లుండే కలబంద గుజ్జును మూడు నెలలు అలమార్లో పెడుతున్నాం. పైగా రోజూ స్నానం చేసి వచ్చి తడివేలు పెట్టి తీస్తున్నాం!

“మరి మన అవ్వలు ఏ మందు కలిపిండ్రు?” అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అవ్వలు చేసినవి ఒక్కొక్కటీ గుర్తు చేసుకోండి. సున్నిపిండి: ఎండబెట్టి విసిరిన పొడి, అందులో నీళ్లు లేవు. ఆముదం, కొబ్బరినూనె: వాటిలోనూ నీళ్లు లేవు. గోరింటాకు నూరిన పూటే పెట్టుకోవాలి. కుంకుడు రసం తలంటుకునే ముందు పిసికేది. మిగిలింది మర్నాటికి దాచి చూడండి, నురగెక్కి పులిసిన కంపు కొడుతుంది. పసిపిల్లకు పాలమీగడ, పిండి కలిపి నలుగు పెడితే మిగిలింది పారబోసేవారే గాని, గిన్నెకు మూత పెట్టి వచ్చే నెలకు దాచలేదు. పొడిదైతే దాచారు, తడిదైతే ఆ పూటే వాడేశారు. వాళ్లకు నిల్వమందు అవసరం రాలేదు. మనం వాళ్ల తడి సరుకు తీసుకుని, దాన్ని పొడి సరుకులా దాస్తూ, పైన అవ్వ పేరు రాసుకుంటున్నాం. అవ్వ వింటే ఊరుకునేదా?

విటమిన్ ఇ సంగతీ చెప్పుకోవాలి. అది నూనె మక్కిపోకుండా కొంత ఆపుతుంది. సూక్ష్మజీవులను ఆపడం దాని పని కాదు. వేపనూనె, పసుపు కొంచెం పని చేస్తాయేమో గాని, నీళ్లున్న డబ్బాను నెలల తరబడి కాపాడే బలం వాటికి లేదు. ద్రాక్షజాతి పంపరపనస గింజల సారమే సహజమైన నిల్వమందని కొందరు అమ్ముతారు. 1999లో జర్మనీలో అలాంటి సీసాలు ఆరింటిని పరీక్షిస్తే, సూక్ష్మజీవులను చంపిన వాటన్నిటిలోనూ ఫ్యాక్టరీ నిల్వమందులే బయటపడ్డాయి. నీళ్లు మరిగించి పోశామంటారు, సరే. మూత తీసి వేలు పెట్టాక ఆ మరిగింపు ఏమైంది? ఫ్రిజ్జులో పెడితే పెరుగుదల నెమ్మదిస్తుంది, ఆగదు. కరెంటు పోయే ఊళ్లలో ఆ మాటా నమ్మలేం.

దీన్ని చాదస్తం అనకండి. 2006 ఆగస్టులో స్పెయిన్‌లోని బార్సిలోనాలో, ఒక ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ విభాగంలో ఐదుగురు రోగులకు ఒకే రకం సూక్ష్మజీవి సోకింది. ఎక్కడిదని వెతికితే రోగుల ఒంటికి రాసే క్రీములో దొరికింది. అది బజార్లో దొరికే ఫ్యాక్టరీ సరుకు. అన్నీ చూసి చేసే చోటే ఇట్లా జరిగితే, మన వంటింటి గట్టు మీద చేసిన దాని మాటేమిటి? గట్టి ఒంటికి ఏమీ కాకపోవచ్చు. కానీ పసిపిల్లల మడతలు, బాలింత కుట్లు, షుగరున్న అత్తగారి పగిలిన మడమలు గట్టివి కావు. క్రీము పూసేది ఎక్కువగా అక్కడే.

అట్లాగని నిల్వమందులన్నీ అమృతం అనను. భయపడేవాళ్ల మాటలో కొంత నిజముంది. పారాబెన్‌ల సంగతే చూడండి. రొమ్ము గడ్డల నమూనాలు 20 పరీక్షిస్తే వాటిలో పారాబెన్‌లు కనిపించాయని 2004లో ఇంగ్లండులో ఒక పరిశోధన వచ్చింది. గడ్డకు అవే కారణమని అందులో రుజువు కాలేదు. అయినా ఆ భయం ప్రపంచమంతా పాకింది. 2014లో ఐరోపా వాళ్లు ఐదు రకాల పారాబెన్‌లను నిషేధించి, మరి రెండింటి మోతాదు తగ్గించారు. మిగిలినవి పరిమితికి లోబడి నేటికీ వాడుకలో ఉన్నాయి. మిథైల్ ఐసోథయాజోలినోన్ అనే మరో మందు చాలామందికి దురదలు తెచ్చింది. ఒంటికి రాసి వదిలేసే వాటిలో అది పనికిరాదని 2017 నుంచి అక్కడ ఆపేశారు. అంటే ఏమిటి? ఏది, ఎంత అని లెక్క చూసుకోవాలి. అంతేగాని అసలే వద్దనడం సమాధానం కాదు. ఉప్పు ఎక్కువైతే రక్తపోటు వస్తుందని ఉప్పు లేకుండా తొక్కు పెడుతున్నామా?

ఈ లెక్క కొండంత కూడా కాదు. ఫినాక్సీ ఇథనాల్ అనే మందుకు ఐరోపా చట్టం పెట్టిన హద్దు నూటికి ఒక పాలు. 100 గ్రాముల క్రీములో గ్రాము మించకూడదు. సోడియం బెంజోయేట్ పులుపున్న సరుకులోనే పనిచేస్తుంది, సబ్బులాంటి క్షారంలో వేస్తే దండగ. దేనికి ఏది నప్పుతుందో తెలుసుకుని, గ్రాముల తూకం పెట్టుకుని వెయ్యాలి. చెంచాతో, కంటి అంచనాతో వేసేది కాదిది.

ఇంకో మాట. మన దేశంలో 1940 నాటి మందులు, సౌందర్య సాధనాల చట్టం ఉంది. దాని కింద 2020లో వచ్చిన సౌందర్య సాధనాల నియమాలున్నాయి. అమ్మకానికి క్రీము చేయాలంటే లైసెన్సు కావాలి. డబ్బా మీద చేసినవారి పేరు, చిరునామా, బ్యాచ్ నంబరు, కలిపిన వస్తువులు, ఎప్పటిలోగా వాడాలో ఉండాలి. “ఇంట్లో చేసుకునే ఆడపిల్ల మీద ఇంత బరువా?” అనకండి. కొనేదీ ఆడపిల్లే, పూసుకునేదీ ఆమె కన్నబిడ్డే.

ఈ మాటలే ఆ అమ్మాయిని కూర్చోబెట్టి చెప్పాను. మొహం ముడుచుకుంది.

“అయితే నన్ను గూడ మందులు కలపమంటవా పెద్దమ్మా? మందు లేదనే గద కొంటున్నరు!”

“తొక్కులో ఉప్పెందుకు వేస్తవు బిడ్డా? రుచికేనా?”

మాట్లాడలేదు. కాసేపాగి, “సున్నిపిండి చేస్తే మంచిగ పోతదా?” అని అడిగింది. పోతుందో లేదో నాకేం తెలుసు? కానీ పొడి పొడిగా ఉన్నన్నాళ్లు చెడదని మాత్రం చెప్పగలను. నూనెలు చెయ్యి, సరిగ్గా ఆరిన సబ్బులు చెయ్యి, నిల్వమందుతో పని లేదు. క్రీమే చేస్తానంటే పని నేర్చుకుని, తూకం వేసి మందు కలిపి, లైసెన్సు తీసుకుని, ఆ మందు పేరు సిగ్గుపడకుండా డబ్బా మీద రాయి. ముందు నేనే కొంటాను.

కొనే అమ్మలకు నాదొక విన్నపం. ఎవరైనా “కెమికల్ లేదు” అని డబ్బా చేతిలో పెడితే మురిసిపోకండి. ఇందులో నీళ్లున్నాయా? ఏ రోజున చేశారు? పాడవకుండా ఏం వేశారు? ఈ మూడూ అడగండి. మూడో ప్రశ్నకు “ఏమీ వెయ్యలేదు” అన్న జవాబొస్తే, ఎంత అయినవాళ్లయినా సరే, ఆ డబ్బా తిరిగి ఇచ్చేయండి. పసిపిల్లున్న ఇంటికి మాత్రం అసలే తీసుకుపోకండి.